ఆపరేషన్ తుంటికి... నడక ఆగింది మోకాలి దగ్గర!

జారిపడి తుంటి విరిగిన పెద్దవాళ్లకు ఆపరేషన్ చేస్తున్నారు. ఎముక కుదురుకుంటోంది, కుట్లు మానుతున్నాయి. అయినా కొందరు మంచం దిగడం లేదు. ఎందుకని అడిగితే చెయ్యి మోకాలి మీద పెడతారు. ఆ నొప్పిని 'వయసు' ఖాతాలో రాసేస్తే ఏమవుతుంది?

తెల్లవారుజామున బాత్రూమ్‌కని లేచిన పెద్దావిడ కాలుజారి పడుతుంది. లేవబోతే లేవలేదు. పడినవైపు కాలు కాస్త పొట్టిగా, పాదం బయటికి తిరిగిపోయి కనిపిస్తుంది. ఎక్స్‌రే తీస్తే తుంటి విరిగిందంటారు. విరుపు ఎక్కడుందో చూసుకుని తుంటి కీలులోని బంతిని (బాల్) మారుస్తారు, లేదా రాడ్డు వేస్తారు. మర్నాడు డాక్టరుగారు కొత్త ఎక్స్‌రే చూసి 'బాగా కుదిరింది, ఇక నడిపించండి' అంటారు. వాకర్ తెచ్చి లేపబోతే ఆవిడ 'మోకాలు... మోకాలు' అంటూ మళ్లీ మంచం మీదికి ఒరిగిపోతుంది. ఇంట్లోవాళ్లకు 'తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయి' అన్న సామెత గుర్తొస్తుంది. విరిగింది తుంటి, కోసిందీ తుంటి దగ్గరే, మధ్యలో ఈ మోకాలి గొడవేంటి? దానికి మామూలుగా వినిపించే జవాబులు మూడు. 'వయసు కదా, గుజ్జు అరిగుంటుంది' అనేది ఒకటి. 'ఉండగా ఉండగా అదే తగ్గుతుంది' అనేది రెండోది. 'తగ్గేదాకా కదలనివ్వకండి' అనేది మూడోది. మొదటిదాంట్లో నిజం సగమే ఉంది. రెండోదాన్ని నమ్ముకుని కూర్చుంటే విలువైన రోజులు పోతాయి. మూడోది మాత్రం నేరుగా ప్రమాదంలోకి తోస్తుంది.

తుంటి ఆపరేషన్ తర్వాత మోకాలు నొప్పి అన్న ప్రతి పెద్దమనిషికీ తుంటిని, మోకాలిని విడివిడిగా చేత్తో పరీక్షించి కారణం తేల్చాలి, తేల్చాక ఆ నొప్పిని అదుపులో పెట్టి నడక సాగించాలి. ఈ కథనం వాదన ఇదే. తుంటి ఆపరేషన్ ఫలితం తేలేది ఎక్స్‌రే ఫిల్ములో కాదు, మనిషి మంచం దిగి బాత్రూమ్ దాకా తన కాళ్ల మీద వెళ్లగలిగాడా లేదా అన్నదాంట్లో. ఆ ఫలితాన్ని మోకాలు తారుమారు చేయగలదు. అలాంటప్పుడు దాన్ని పక్క సమస్యగా చూడటం కుదరదు.

నడకే అసలు మందు

తుంటి విరగడం మన దగ్గర అరుదేమీ కాదు. హర్యానాలోని రోహ్‌తక్ జిల్లాలో వేసిన లెక్కలో 50 ఏళ్లు దాటిన ప్రతి లక్షమందిలో ఏడాదికి సుమారు 129 మందికి తుంటి విరుగుతోందని తేలింది. మగవారిలో ఆ సంఖ్య 105, ఆడవారిలో 159. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2050 నాటికి మన దేశంలో 60 ఏళ్లు దాటినవారు 34 కోట్లు మించుతారు, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు పెద్దవాళ్లే. ఎముకల బలం సంగతీ అంతంతమాత్రమే. ఎండకు కొదవలేని మన ప్రాంతంలో విటమిన్ డి లోపం, ఆహారంలో కాల్షియం కొరత ఎంత విస్తారంగా ఉన్నాయో తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఎప్పుడో తేల్చిచెప్పారు. కాబట్టి తుంటి విరిగి ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్ల సంఖ్య పెరిగేదే గానీ తగ్గేది కాదు.

అలా వచ్చినవాళ్లలో ఏడాది తిరిగేలోపు ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువమంది, చనిపోతున్నారని అనేక దేశాల లెక్కలు చెబుతున్నాయి. విరిగిన ఎముకే వాళ్ల ప్రాణం తీయదు. గుండె, ఊపిరితిత్తులు అప్పటికే బలహీనంగా ఉన్న మనిషి మంచాన పడితే నిమోనియా, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, పడకపుళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బతికినవాళ్లలోనూ పడకముందు ఎలా నడిచేవారో అలా మళ్లీ నడవగలిగేది అటూఇటుగా సగం మందే. అందుకే బ్రిటన్‌లో నైస్ సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆసుపత్రిలో చేరిన రోజునో మర్నాడో ఆపరేషన్ జరగాలని, వైద్యపరంగా అడ్డేమీ లేకపోతే ఆపరేషన్ మర్నాడే రోగిని లేపి నడిపించే ప్రయత్నం మొదలవ్వాలని చెప్పింది. ఎముకకు బాల్ వేసినా, రాడ్డు వేసినా ఆ పనిముట్టు ఉన్నది వెంటనే బరువు మోయించడానికే. ఇంత హడావుడిగా, ఇంత ఖర్చుతో తెచ్చుకున్న అవకాశాన్ని మోకాలి నొప్పి ఒక్కటి వారంపాటు వాయిదా వేయించిందంటే, ఆపరేషన్ వారం ఆలస్యమైతే ఎంత నష్టమో దాదాపు అంత నష్టమూ జరిగినట్టే.

ఒకే నరం, రెండు కీళ్లు

తుంటికీ మోకాలికీ ఉన్న లంకె నరాల్లోనే ఉంది. ఒక కీలును కదిలించే కండరాలకు ఏ నరం వెళ్తుందో, ఆ కీలుకూ అదే నరం కొమ్మలు వెళ్తాయని లండన్ శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ 1860ల్లోనే సూత్రీకరించాడు. నడుము భాగంలో వెన్ను నుంచి బయల్దేరే ఆబ్చురేటర్ నరం దారిలో తుంటి కీలుకు ఒక కొమ్మ ఇస్తుంది. తొడ లోపలివైపు కండరాల మధ్య నుంచి దిగి మోకాలికి ఇంకో కొమ్మ ఇస్తుంది. తొడ ముందువైపు దిగే ఫెమొరల్ నరం కూడా రెండు కీళ్లకూ కొమ్మలు పంపుతుంది. రెండు చోట్ల కబుర్లూ వెన్నుపాములో ఒకే చోటుకు చేరడంతో, పుట్టింది తుంటిలో అయినా నొప్పి మోకాలిదని మెదడు పొరబడుతుంది. పిల్లల్లో తుంటికి వచ్చే పెర్తీస్ జబ్బు కొన్నిసార్లు మోకాలి నొప్పిగానే బయటపడుతుంది. 'మోకాలు నొప్పి అంటే తుంటినీ చూడు' అని వైద్య విద్యార్థులకు మొదట్లోనే నేర్పేది అందుకే. పడిపోయిన పెద్దవాళ్లలో కొందరు అసలు మోకాలు నొప్పి అనే ఆసుపత్రికి వస్తారు. మోకాలికి మాత్రమే ఎక్స్‌రే తీసి, ఏమీ లేదని పంపిస్తే తుంటి విరుపు రోజుల తరబడి బయటపడదు.

ఈ తికమకను విడదీసే పరీక్ష చాలా తేలిక. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలిని వంచకుండా, డాక్టరు తొడ మీద రెండు అరచేతులూ ఆనించి కాలిని మెల్లగా లోపలికీ బయటికీ దొర్లిస్తారు. ఈ కదలికలో మోకాలు వంగదు, తిరిగేది తుంటి కీలులోనే. అలా దొర్లించినప్పుడు రోగి 'అమ్మా, మోకాలు' అంటే నొప్పి పుట్టింది పైన అన్న అనుమానం బలపడుతుంది. తుంటి హాయిగా తిరిగి, మోకాలిని వంచినప్పుడో దాని అంచుల మీద నొక్కినప్పుడో బాధ పుడితే అది మోకాలి సొంత నొప్పి. ఆపరేషనైన మొదటి రోజుల్లో కోసినచోట ఎలాగూ నొప్పిగానే ఉంటుంది కాబట్టి, ఈ పరీక్ష విలువ వారాలు గడిచేకొద్దీ పెరుగుతుంది.

నెలలు గడిచాక ఇది మరీ ముఖ్యం. తొడ ఎముక మెడ భాగం విరిగినప్పుడు బంతిని తీసేయకుండా స్క్రూలతో బిగించినవారిలో, ఆ బంతికి రక్తం అందక మెల్లగా కుంగిపోవచ్చు. రాడ్డు వేసినవారిలో బోలు ఎముకను కోసుకుంటూ స్క్రూ పైకి జరగవచ్చు. బాల్ మార్చినవారిలో ఎముక లోపల దించిన కాడ వదులు కావచ్చు. ఇలాంటివన్నీ గజ్జల్లోనో తొడలోనో నొప్పిగా కనిపిస్తాయి, కొందరిలో మోకాలి నొప్పిగానూ తొంగిచూస్తాయి. బాగా నడుస్తున్న మనిషి మూడు నాలుగు నెలల తర్వాత కొత్తగా మోకాలు పట్టుకున్నాడంటే మోకాలితోపాటు తుంటికీ ఎక్స్‌రే తీయాల్సిందే.

కోత పైన, బలహీనత కింద

రెండో లంకె కండరాలది. రాడ్డుకో ప్లేటుకో కోత పెట్టేది తొడ పక్కన కాబట్టి, అది మోకాలికి సంబంధం లేనిదని అనుకుంటాం. కానీ తొడ బయటివైపున్న వాస్టస్ లాటరాలిస్ కండరం పైన తుంటి దగ్గర మొదలై కింద మోకాలి చిప్పకు అతుక్కుంటుంది. ప్లేటు వేసేటప్పుడు ఈ కండరాన్నే చీల్చి, లేదా పక్కకు జరిపి ఎముకను అందుకుంటారు. తొడ ముందువైపు నిలువుగా ఉండే ఇంకో కండరమైతే తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటుతుంది. అంటే కోత తుంటి దగ్గర పడినా, దెబ్బ తగిలేది మోకాలిని నిలబెట్టే కండరానికే. విరుపు నుంచి కారిన రక్తం కూడా కండరాల మధ్య నుంచి కిందికి దిగుతుంది. ఆపరేషనైన కొన్ని రోజులకు మోకాలి చుట్టూ నల్లగా, పచ్చగా కమిలినట్టు కనబడి ఇంట్లోవాళ్లు కంగారుపడేది తరచూ దీనివల్లే.

కండరం ఎంత త్వరగా కరుగుతుందో చూపే ఆధారాలున్నాయి. 2007లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఏ జబ్బూ లేని, సగటు వయసు 67 ఏళ్లున్న కొద్దిమంది వాలంటీర్లను పది రోజులు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజుల్లోనే వాళ్ల కాళ్లలోంచి దాదాపు ఒక కిలో కండ తరిగిపోయింది, మోకాలిని చాపే బలం సుమారు 15 శాతం పడిపోయింది. ఎముక విరిగి, రక్తం పోయి, ఆపరేషన్ జరిగి, అన్నం సయించని 80 ఏళ్ల మనిషి పరిస్థితి ఇంతకంటే ఎంత అధ్వానంగా ఉంటుందో ఊహించవచ్చు. తుంటి ఆపరేషన్ అయినవారు ఇంటికి వెళ్లే సమయానికి ఆ కాలు మోకాలిని చాపే బలం రెండో కాలితో పోలిస్తే సగానికి అటూఇటుగా ఉంటోందని డెన్మార్క్ పరిశోధకులు కొలిచి చూపారు. కాలు ఎంత ఎక్కువ వాస్తే బలం అంత ఎక్కువ తగ్గుతోందనీ వాళ్లు గమనించారు.

ఇక్కడే ఒక విషవలయం మొదలవుతుంది. తొడ కండరం పట్టు తప్పితే అడుగు వేసినప్పుడల్లా బరువంతా నేరుగా మోకాలి కీలు మీద పడుతుంది. మామూలు నడకలోనే మోకాలి మీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది, కుర్చీలోంచి లేచేటప్పుడు చిప్ప వెనక ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఆ రాపిడికి కీలులో నీరు చేరుతుంది. నీరు చేరిన కీలు కండరాన్ని మరింత మందగింపజేస్తుంది. ఆరోగ్యవంతుల మోకాళ్లలోకి సెలైన్ ఎక్కించి చేసిన ప్రయోగాల్లో 20-30 మిల్లీలీటర్లు, అంటే నాలుగు నుంచి ఆరు టీస్పూన్లు చేరేసరికే, తొడ లోపలివైపు కండరం చురుకు తగ్గింది. ఇంత తక్కువ నీరు పైకి వాపుగా కనిపించకపోవచ్చు. చిప్ప లోపలి అంచున అరచేత్తో కింది నుంచి పైకి ఒకసారి నిమిరి ఖాళీ చేసి, తర్వాత బయటి అంచున పై నుంచి కిందికి నిమిరితే, లోపలివైపు పల్లం మళ్లీ మెల్లగా పొంగుతుంది. నీరు ఉందనడానికి అదే గుర్తు. దీనికి యంత్రాలు అక్కర్లేదు, దుప్పటి తీసి మోకాలిని చూడాలన్న బుద్ధి పుడితే చాలు.

మోకాలికీ దెబ్బ తగిలి ఉండొచ్చు

మూడో సంగతి సూటిగా మోకాలిదే. పడిన మనిషి తుంటి మీదే పడ్డాడని మనమెలా అనుకుంటాం? చాలాసార్లు మోకాలూ నేలకు కొట్టుకుంటుంది. చిప్పలో పగులు, మోకాలి కింది ఎముక పైభాగంలో సన్నని విరుపు, లిగమెంట్ సాగడం, ఇవన్నీ తుంటి నొప్పి హోరులో వినబడకుండా పోతాయి. మత్తు దిగి, తుంటి కుదుటపడి, కాలు నేల మీద ఆనించినప్పుడే మోకాలు గోల పెడుతుంది. రాడ్డు వేసే ఆపరేషన్‌లో పాదాన్ని బూటులో బిగించి, ప్రత్యేకమైన బల్ల మీద కాలిని బలంగా లాగి విరుపును సరిచేస్తారు. ఆ లాగుడంతా మోకాలి మీదుగానే వెళ్తుంది. ముందే అరిగి బిగుసుకున్న కీలు అయితే అది తర్వాత కొన్నాళ్లు సలుపుతుంది.

అంతగా పేరు తెలియని కారణం ఇంకొకటి ఉంది. వయసు మీదపడినవారి మోకాలి మృదులాస్థిలో కాల్షియం పైరోఫాస్ఫేట్ స్ఫటికాలు పేరుకుంటాయి. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టకపోయినా, ఆపరేషన్ లాంటి పెద్ద ఒత్తిడి తర్వాత కీలులోకి రాలి ఒక్కసారిగా మంట పుట్టిస్తాయి. రాత్రికి బాగున్న మోకాలు తెల్లారేసరికి ఎర్రగా, వేడిగా ఉబ్బిపోతుంది, జ్వరం కూడా రావచ్చు. అమెరికా వైద్యుడు డేనియల్ మెక్‌కార్టీ బృందం 1960ల మొదట్లో ఈ స్ఫటికాలను గుర్తించి దీనికి 'సూడోగౌట్' అని పేరుపెట్టింది. దీన్ని అరుగుదల అనుకుని వదిలేసినా తప్పే, కీలులో చీము పట్టిందని చూడకుండా తేల్చేసినా తప్పే. సూదితో కాస్త నీరు తీసి మైక్రోస్కోపు కింద చూస్తే, కల్చర్‌కు పంపితే రెండింటికీ తేడా తెలుస్తుంది. ఒకదానికి వాపు తగ్గించే మందు సరిపోతుంది. రెండోదానికి గంటల్లో చికిత్స మొదలుకావాలి.

వేసిన లోహమూ కారణం కావచ్చు. పొడుగు రాడ్డు కింది చివర మోకాలికి దగ్గరగా వస్తుంది. అక్కడ బిగించిన స్క్రూ తల బయటివైపు కండర పట్టీకి ఒరుసుకుంటే అడుగడుక్కీ గుచ్చుతుంది. విరుపు కూరుకుపోయి కాలు పొట్టిపడినా, ఎముక కాస్త మెలితిరిగిన స్థితిలో అతుక్కున్నా మోకాలు తన సహజమైన వరుసలో పనిచేయదు. పడుకున్నప్పుడు రెండు పాదాల దిశ, రెండు మడమల ఎత్తు పోల్చి చూస్తే అనుమానం వస్తుంది. కొద్దిపాటి పొట్టితనమైతే చెప్పుల్లో మడమ కింద ఎత్తు పెట్టించుకోవడం తేలిక. దానికి తెలియాల్సింది కాలు పొట్టిపడిందన్న సంగతి మాత్రమే.

'ముసలితనంలో మోకాళ్లు నొప్పులే కదా'

ఇంత చెప్పాక వచ్చే మొదటి అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. పెద్దవాళ్లలో అరుగుదల నిజంగానే ఎక్కువ. ఆగ్రా, బెంగళూరు, కోల్‌కతా, డెహ్రాడూన్, పుణె ప్రాంతాల్లో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 28.7 శాతం మందికి మోకాలి కీళ్లవాతం ఉన్నట్టు తేలింది. అయితే ఈ వాదన ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. అరుగుదల ఏళ్ల మీద పెరిగే జబ్బు. మొన్నటిదాకా గుడికి నడిచివెళ్లి వచ్చిన మనిషి మోకాలు పది రోజుల్లో ఎందుకు నిలబడనివ్వట్లేదు? పది రోజుల్లో గుజ్జు అరగలేదు. పడటం, కోయడం, మంచాన ఉండటం, కండ కరగడం, వీటిలో ఏదో జరిగింది. పైగా ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ మనిషికి ఉండే నొప్పికీ లెక్క సరిపోదన్నది కీళ్ల వైద్యులందరికీ తెలిసిందే. పాత అరుగుదల ఉందని రుజువైనంత మాత్రాన కొత్త నొప్పికి అదే కారణమని రుజువైనట్టు కాదు. ఒకవేళ అదే అయినా చేతులెత్తేయనక్కర్లేదు. కండరాలను బలపరచడం, ఎత్తు సరిపోయే కుర్చీ, చేతికి సరైన ఆసరా, పూత మందులు అరుగుదల నొప్పినీ తగ్గిస్తాయి.

రెండో అభ్యంతరం ఇంట్లోవాళ్ల ప్రేమలోంచి పుడుతుంది. 'నొప్పి అంటుంటే నడిపించి బాధపెట్టడమెందుకు, నాలుగు రోజులు పడుకోనివ్వండి' అంటారు. మోకాలి కింద మెత్తటి దిండు పెడతారు. దిండు పెట్టగానే హాయిగా ఉంటుంది, నిజమే. కానీ గంటల తరబడి అలాగే ఉంచితే మోకాలు వంగిన స్థితిలో బిగుసుకుని పూర్తిగా చాపుకోదు. చాపుకోని మోకాలితో నిలబడటమంటే ఎప్పుడూ సగం కూర్చున్నట్టు ఉండటమే, తొడ కండరం ఒక్క నిమిషానికే అలసిపోతుంది. ఇక నూనె మర్దన సంగతి. వాచిన పిక్కను, మోకాలి వెనక భాగాన్ని గట్టిగా పిసకడం ఈ సమయంలో చేయకూడని పని. తుంటి ఆపరేషన్ తర్వాతి వారాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. మోకాలి వెనక నొప్పిగా మొదలైనది ఆ గడ్డే కావచ్చు, అది కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణానికే ముప్పు. ఒక కాలి పిక్క హఠాత్తుగా వాచి బిగుసుకుంటే మర్దన కాదు, అదేరోజు స్కానింగ్ చేయించాలి. మోకాలు వేడిగా ఎర్రబడి జ్వరం వచ్చినా, నిన్న నడిచిన కాలు ఇవాళ బరువు ఆనకపోయినా, పాదం పైకి లేవకుండా వేలాడినా ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం పనికిరాదు. ఇవేవీ లేనప్పుడు మాత్రం నొప్పి ఉన్నా కొద్దికొద్దిగా నడవడమే మేలు చేస్తుంది, పడక ఆ నొప్పిని ముదిరేలా చేస్తుంది.

మూడోది మందుల దారి. 'నొప్పి బిళ్ల ఇచ్చి నడిపిస్తే సరిపోదా?' సరిపోయేవాళ్లూ ఉంటారు. అయితే డైక్లోఫెనాక్ లాంటి మందులు పెద్దవాళ్లలో మూత్రపిండాలను, కడుపును దెబ్బతీయగలవు, రక్తపోటును పెంచగలవు. ట్రమడాల్ లాంటివి మగతను, మలబద్ధకాన్ని, మతిస్థిమితం తప్పడాన్ని తెచ్చి మళ్లీ పడేయగలవు. కారణం తెలిస్తే మందు తక్కువతో గడుస్తుంది. పారాసిటమాల్, మోకాలి మీద రాసే పూత, వాపుగా వేడిగా ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు, అవసరమైతే కీలులోంచి నీరు తీయడం, ఇలా ఒక్కో కారణానికి ఒక్కో దారి ఉంది. నడిపించడానికి అరగంట ముందే నొప్పి మందు ఇవ్వడం లాంటి చిన్న సర్దుబాటు కూడా పెద్ద తేడా తెస్తుంది.

నాలుగోది అసలు ఆధారాన్నే ప్రశ్నించే అభ్యంతరం. తుంటి విరిగినవారికి ఇంటి దగ్గర నెలల తరబడి వ్యాయామం చేయించి చూసిన ప్రయోగాలున్నాయి కదా, వాటి ఫలితాలేంటి? 2014లో వెలువడిన ఒక అమెరికా ప్రయోగంలో ఆరు నెలల ఇంటి వ్యాయామం వల్ల శారీరక సామర్థ్యంలో మెరుగుదల ఉన్నా అది స్వల్పమే. 2019లో వచ్చిన మరో ప్రయోగంలో 16 వారాలు ఇంటికి వచ్చి వ్యాయామం చేయించినా, ఆరు నిమిషాల్లో 300 మీటర్లు నడవగలిగేవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్నిబట్టి ఫిజియోథెరపీ దండగ అనుకోవడం తొందరపాటు. అందరికీ ఒకే మూస వ్యాయామం ఇస్తే ఒక్కొక్కరిని ఆపుతున్న అడ్డంకి అలాగే ఉండిపోతుందన్నది ఈ ఫలితాలను చదవాల్సిన తీరు అని నా అభిప్రాయం. స్ఫటికాలతో ఉబ్బిన మోకాలికి, గుచ్చే స్క్రూకి, పొట్టిపడిన కాలికి వ్యాయామం జవాబు కాదు. ముందు అడ్డు తొలగాలి, తర్వాత బలం రావాలి. మోకాలిని విడిగా పరీక్షించాలనడానికి ఈ నిరాశపరచిన ఫలితాలే ఒక కారణం.

డిశ్చార్జి కాగితంలో మోకాలికో గీత

ఖర్చు పెరుగుతుందన్న భయం కూడా ఉండొచ్చు. ప్రతి మోకాలికీ ఎమ్మారై తీయాలని ఎవరూ అనడం లేదు. కావలసింది చేత్తో చేసే ఐదు నిమిషాల పరీక్ష, అనుమానం ఉంటే మామూలు ఎక్స్‌రే. దాన్ని ఎవరు, ఎప్పుడు చేయాలన్నది మాత్రం రాసిపెట్టి ఉండాలి, లేకపోతే అందరిపనీ ఎవరిపనీ కాకుండా పోతుంది. ఆసుపత్రిలో చేరినప్పుడే మోకాలిని తడిమి చూసి, పాత నొప్పి ఉండేదా అని అడిగి రాసుకోవాలి. ముందరి స్థితి కాగితం మీద ఉంటేనే తర్వాతి మార్పు అర్థమవుతుంది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి నిలబెట్టినప్పుడు ఫిజియోథెరపిస్టు 'నొప్పా, మోకాలు మడతపడుతోందా' అని విడదీసి అడగాలి. ఆపరేషన్ కోసం నరానికి ఇచ్చిన మత్తు దిగకపోయినా మోకాలు మడతపడుతుంది, దానికి మందు అక్కర్లేదు, కొన్ని గంటలు ఆగితే చాలు. మతిమరుపు, అయోమయం ఉన్న పెద్దవాళ్లు చోటు చూపించలేరు. వాళ్లు నడకకు మొండికేస్తే దాన్ని మొండితనంగా కాక నొప్పిగా అనుమానించి కాలంతా చూడాలి.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో మందుల జాబితా, కుట్లు విప్పే తేదీ ఉంటాయి. మోకాలు ఎంతవరకు చాపుకుంటోంది, ఎంత వంగుతోంది, వాపు ఉందా, ఏ ఎత్తు కుర్చీలోంచి లేవగలుగుతున్నారు అన్న నాలుగు మాటలు కూడా ఉండాలి. మన ఇళ్లలో కూర్చోవడం నేల మీద, భోజనం కింద, బాత్రూమ్‌లో పీట. తుంటికి ఆపరేషన్ అయ్యాక ఈ తక్కువ ఎత్తులన్నీ మోకాలికి శిక్షే. కూర్చున్నప్పుడు తొడలు నేలకు సమంగానో, మోకాళ్లు తుంటి కంటే కాస్త కిందికో ఉండేలా చేతులున్న కుర్చీ, కమోడ్ మీద ఎత్తు పెంచే సీటు, గోడకు పట్టుకునే కమ్మీ ఇంటికి రాకముందే అమర్చాలి. రోజూ చేయించాల్సినవీ పెద్దవేం కాదు. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి దాన్ని కిందికి నొక్కించి, పని కాగానే తీసేయడం. కుర్చీలో కూర్చుని మడమ లేపి కాలు చాపడం. చేతుల ఆసరాతో లేచి, మెల్లగా కూర్చోవడం. మొదట్లో నొప్పి లేని కాలికీ ఇవే చేయించాలి, ఎందుకంటే విరిగిన కాలి బరువంతా ఇప్పుడు మోస్తున్నది ఆ మోకాలే.

చివరి మాట ప్రభుత్వాలకు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లను పేదవాళ్ల అందుబాటులోకి తెచ్చింది. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో పనిలేకుండా విస్తరించారు. ఇవి మంచి అడుగులే. కానీ ఇలాంటి పథకాల చూపంతా ప్రధానంగా ఆపరేషన్ మీదే ఉంటుంది. ఆ తర్వాతి వారాల్లో ఇంటికొచ్చి కాలు కదిలించే ఫిజియోథెరపిస్టు ఫీజు చాలావరకు కుటుంబం జేబులోంచే పోతుంది. ఆరు వారాలకు, మూడు నెలలకు జరిగే చెకప్‌లో 'ఎముక అతికిందా' అన్న ప్రశ్న పక్కన 'రోగి నడుస్తున్నారా, లేకపోతే ఆపుతున్నదేమిటి' అన్న ప్రశ్నను తప్పనిసరి చేసి, జవాబును నమోదు చేయిస్తే కొత్త భవనాలు, కొత్త యంత్రాలు అక్కర్లేకుండానే ఫలితాలు మారతాయి. కుటుంబాలు అంతదాకా ఆగనక్కర్లేదు. 'మోకాలు నొప్పి' అన్న మాట వినబడితే 'వయసు కదా' అన్న సమాధానంతో సరిపెట్టుకోకుండా, 'ఒకసారి దుప్పటి తీసి మోకాలినీ తుంటినీ చూడండి డాక్టరుగారూ' అని అడిగే హక్కు వాళ్లకు ఈరోజే ఉంది.